తెల్ల గుండీ కోటు

పాతబస్తీలో వెనకటి మనుషులు ఏం తొడుక్కునేవారో తెలుసుకోవాలని లైబ్రరీలో దొరికినంత మేరా చదివాను. నవాబుల షేర్వాణీల గురించి ఉంది. బేగంల ఖడా దుపట్టాల గురించి ఉంది. ముత్యాల గురించైతే చెప్పనక్కరలేదు. కానీ పాలు పోసేవాళ్లు, జరీ పని చేసేవాళ్లు, గడ్డాలు గీసేవాళ్లు జీవితంలో ఒకే ఒక్కసారి ఫొటో దిగినప్పుడు వాళ్ల ఒంటిమీద ఏముందో ఎవరూ రాయలేదు. దొరకని పుస్తకాన్ని ఎంతకాలమని వెతుకుతాం? తెలిసినంతవరకు మనమే రాసిపెడితే, రేపు నాలాగే బీరువాలు గాలిస్తూ వచ్చేవాళ్లకు నాలుగు పేజీలైనా చేతికి తగులుతాయి.

ఇంకో తొందర కూడా ఉంది. ఈ కథ మా గల్లీలో అప్పుడే రకరకాలుగా తిరుగుతోంది. మొన్న కూరగాయల బండి దగ్గర విన్న దాంట్లో మా తాతకు నిజాం ప్రభువు స్వయంగా కోటు బహూకరించాడు. అది ఇంకా పెద్దది కాకముందే జరిగింది జరిగినట్టు రాయాలి.

నేను దబీర్‌పురా స్టేషన్‌కు దగ్గరలో ఒక జిరాక్స్, పాస్‌పోర్టు ఫొటోల దుకాణంలో పనిచేస్తాను. ఇంటర్‌తో నా చదువు ఆగిందని కాలేజీ అనుకుంది. నేను అనుకోలేదు. మా పేట గ్రంథాలయంలో తెలుగు బీరువాలు అయిపోయాక, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువాల్లోకి దిగాను. ఒక్క పేజీకి ఒక సాయంత్రమంతా పట్టిన రోజులున్నాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వమే.

దుకాణంలో నా పనుల్లో ఒకటి జనానికి కోట్లు తొడగడం. నిజం కోట్లు కాదు, కంప్యూటర్‌లో ఉన్నవి. గల్ఫ్‌కు పోవడానికో, ఉద్యోగానికి పెట్టుకోవడానికో ఫొటో కావాలని చెమట చొక్కాతోనే వచ్చి స్టూలు మీద కూర్చుంటారు. మెడ దాకా వాళ్లది ఉంచి, కింద నల్లకోటు, టై అతికిస్తాను. "అక్కా, జర నీలం టై ఎయ్యి, మస్తు కొడ్తది" అని అడిగేవాళ్లున్నారు. "భుజాలు జర వెడల్పు చెయ్యి" అని అడిగేవాళ్లూ ఉన్నారు. రోజంతా ఇదే పని చేసే నాకు, మా ఇంటి గోడమీది ఫొటో గురించి ఎన్నడూ అనుమానం రాలేదు.

ఆ ఫొటోలో ఉన్నది మా తాత, అమ్మకు నాన్న. బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసిన మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క ఫొటో అది. ముదురు రంగు కోటు, వెడల్పాటి కాలరు, మూడు గుండీలు. పైదీ కిందిదీ నల్లవి, మధ్యది మాత్రం తెల్లది. కోటు చేతులు మణికట్టు పైదాకా చక్కగా వెనక్కి మడిచి ఉన్నాయి. కింద పంచె. గడ్డం కొంచెం పైకెత్తి, కెమెరాను ఏదో ధర అడుగుతున్నట్టు చూస్తున్నాడు.

అమ్మ పెళ్లయి వచ్చిన ఇల్లు కిరాణా దుకాణం వాళ్లది. దుకాణదారులకు పాలవాళ్లు ఒక మెట్టు కింద. మా మేనత్త, అంటే నాన్నకు అక్క, అమ్మ వంటింట్లోకి రాగానే ముక్కు మూసుకునేదట. "పేడ వాసనొస్తుంది, ఎక్కడికెల్లి?" అనేదట. అమ్మ కొంతకాలం ఓర్చుకుంది. తర్వాత పుట్టింటికి పోయి ఆ ఫొటో తెచ్చి, గుమ్మంలోకి అడుగు పెట్టగానే కనబడేటట్టు ముందుగదిలో మేకు కొట్టి తగిలించింది.

"మా బాపు కోటు తొడిగినోడు వదినె. మీ నాయిన ఎన్నడన్న తొడిగిండా చెప్పు."

మా నాన్నవైపు తాత ధోవతి కమీజు తప్ప ఇంకేదీ ఎరగడు. నాన్న పోయి చాలా ఏళ్లయినా, అత్త పక్క గల్లీలో ఉన్నా, ఇద్దరి మధ్య ఏ చిన్న మాట తేడా వచ్చినా అమ్మ ఇప్పటికీ నోటితో ఏమీ అనదు. ఆ ఫొటో వైపు ఒకసారి చూసి ఊరుకుంటుంది. అదే ఆమె జవాబు. ఆమెకున్న నగలు పోయాయి, పుట్టింటి బర్రెలు తమ్ముడి వాటాకు, అంటే మా మామకు, వెళ్లాయి. తండ్రి కోటు తొడిగినవాడు అన్న మాట ఒక్కటే ఆమెకు మిగిలింది.

ఇక నా సంగతి. చిన్నప్పటినుంచీ నేను తొడిగినవన్నీ ఎవరో విడిచినవే. అత్త కూతుళ్ల లంగాలు, ఓణీలు, ఆ తర్వాత అత్త చీరలు. నాకు ఏ రంగు నప్పుతుందో నాకే తెలియకుండా ముప్ఫై దాటాను. లైబ్రరీలో ఒక రోజు బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. వంద, నూటయాభై ఏళ్ల కిందటి దుస్తులు, వాటి కుట్టు, కత్తిరింపు. అందులో ఒక ఆడమనిషి మగవాళ్ల కోటు తొడిగి, చేతులు వెనక్కి మడిచి, సైకిలు పట్టుకుని నిలబడింది. మడిచిన చేతులకు ఆ పుస్తకం ఒక పేరు కూడా పెట్టింది, అదొక ఫ్యాషన్ అని రాసింది. నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. ఆ మడత మా ఇంటి గోడమీద ఉంది కదా!

ఆ రోజునుంచి నా కళ్లు మారాయి. ఊరు అంతా ఒక బట్టల పుస్తకంలా కనబడసాగింది. లుంగీ మీద ఉన్ని కోటు తొడిగి సాసర్‌లో చాయ్ పోసుకునే పెద్దాయన, బురఖా కింద ఎర్ర స్పోర్ట్స్ బూట్లతో బస్సెక్కే కాలేజీ పిల్ల, రంగులు పడీ పడీ అసలు రంగేదో తెలియని చొక్కాలతో ధూల్‌పేట్‌లో వినాయకులకు కళ్లు దిద్దేవాళ్లు. అడిగి, సరేనంటేనే సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకునేదాన్ని. ఎందుకమ్మా అంటే, మీరు దీన్ని ఇట్లా ఎందుకు తొడుక్కున్నారో తెలుసుకుందామని అనేదాన్ని. సగం మందికి ఆ ప్రశ్నే నవ్వు తెప్పించేది. మిగతా సగం మంది చాయ్ తాగించి మరీ చెప్పేవాళ్లు.

తాత కోటులాంటిది నాకూ కావాలనిపించింది. ముందు అసలు కోటు ఏమైందో అమ్మను అడిగాను.

"ఎవలో ఎత్కపోయి ఉంటరు" అంది. ఇంకో రోజు అడిగితే, "చెదలు పట్టి ఉంటది" అంది. మరోసారి, "ఏమో బిడ్డా, బాపు దాన్ని మస్తు భద్రంగ దాస్తుండె. ఏడ దాచిండో మాకే ఎర్క లేదు" అంది. మూడు జవాబులూ నేను నమ్మాను. చదువుకున్న మనిషిని, సాక్ష్యాలు పోల్చి చూడాలని పుస్తకాల్లో చదివినదాన్ని, ఇంట్లో మాత్రం పోల్చలేదు.

ఫొటోను ఫోన్లో పెట్టుకుని మా గల్లీ చివర దర్జీ దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ను మాస్టర్ అంటారు, నేను భాయ్ అంటాను.

"ఎవరికమ్మా ఇది? తమ్మునికా?"

"నాకే భాయ్."

"నీకా! బ్యాండ్ పార్టీల చేరుతున్నవా ఏంది?" దుకాణంలో కుట్టుమిషన్ల వాళ్లందరూ నవ్వారు.

"చీర మీద తొడుక్కుంట."

"అచ్ఛా, లాయరమ్మవైనవ్ అన్నట్టు. మా తమ్ముని కేసు ఒకటుంది, చూస్తవా?"

"లాయర్ల కోటు నల్లది భాయ్, నాది కాఫీ రంగు. చేతులు గిట్లనే మడిచి కుట్టాలె. అది అప్పటి ఫ్యాషన్."

ఆయన ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "అవ్, నాకెర్కే. దీన్ని లండన్ కట్ అంటరు. మా ఉస్తాద్ కుడుతుండె" అన్నాడు ఎంతో నమ్మకంగా. "మరి మధ్యల తెల్ల గుండీ ఏంది?"

"అది మా తాత సొంత స్టైల్."

"మనిషి శౌకీనోడే" అన్నాడు మాస్టర్. నా ఛాతీ రెండింతలైంది.

తెల్ల గుండీ కోసం ధూల్‌పేట్ దాటి జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లాను. గురువారం రోడ్డుమీద పరిచిన పాత సామాన్లలో, తాళంచెవుల్లేని తాళాలు, ఒంటి చెప్పులు, ఆగిపోయిన గడియారాల మధ్య గుండీల డబ్బా ఒకటి దొరికింది. మోకాళ్లమీద కూర్చుని, ఫొటోతో పోల్చుకుంటూ, ముత్యపు చిప్పతో చేసిన గుండీని ఏరాను. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు తలచుకున్నా తగ్గలేదు.

కోటు వచ్చాక నేత చీర మీద తొడుక్కుని పనికి వెళ్లాను. గల్లీలో పిల్లలు "టీటీ వచ్చింది, టికెట్లు తియ్యుండ్రి" అని అరిచారు. ఇంటికి తిరిగొచ్చేసరికి మా ఇంట్లో ఉన్న అత్త గుమ్మంలోనే ఆపి, "ఏందే గీ అవతారం? ఎండల కోటేంది?" అంది. నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి అమ్మ అంది, "వాళ్ల తాత లెక్క కనబడుతుంది వదినె. రక్తం గదా."

ఆ మాటలో అమ్మ ఎంత నిటారుగా ఉందో నేను విన్నాను. లైబ్రరీ మేడం కోటు చూసి, దాని కథ విని, ఈసారి గ్రంథాలయ వారోత్సవాల్లో నువ్వే మాట్లాడాలి అంది. పాత ఫొటోలు, పాత బట్టలు, నా ఇష్టం. జీవితంలో మొదటిసారి మైకు ముందు నిలబడబోతున్నాను. అమ్మ అత్తకు కబురు చెప్పింది, మామకు ఫోన్ చేసింది, ఇస్త్రీ చీర ఒకటి పక్కన పెట్టుకుంది.

ఆ పనుల మధ్యే ఒక మధ్యాహ్నం మా దుకాణానికి మా వెనక గల్లీ ఖాలా వచ్చింది. చిన్నప్పటినుంచీ ఖాలా, అంటే పిన్ని, అని నేను పిలిచే మనిషి. రంజాన్‌కు షీర్‌ఖుర్మా మా ఇంటికి వస్తుంది, సంక్రాంతికి మా సకినాలు వాళ్లింటికి వెళ్తాయి. దస్తీలో చుట్టిన ఫొటో ఒకటి బల్లమీద పెట్టింది.

"బేటా, ఇది మా మామది, మా ఇంటాయన తండ్రిది. అంచులు చినిగినయ్. జర మంచిగ చేసి పెద్దగ తియ్యి, ఫ్రేమ్ కట్టిస్త."

స్కానర్‌లో పెట్టి తెర మీద పెద్దది చేశాను. చినుగులు ఎక్కడెక్కడున్నాయో చూస్తూ ముఖంనుంచి కిందికి వచ్చాను. వెడల్పాటి కాలరు. నల్ల గుండీ. దాని కింద తెల్ల గుండీ. దాని కింద నల్ల గుండీ.

"ఖాలా, ఈ కోటు ఎవరిది?"

"స్టూడియోది. ఇంకెవరిదుంటది?"

"మీ మామది కాదా?"

ఖాలా పకపకా నవ్వింది. "ఆయన కోటు తొడిగే మనిషా? దినమంత వంగి జరీ పని చేసెటోడు. అప్పుడు దబీర్‌పురా దర్వాజా కాడ స్టూడియో ఉంటుండె, ఇప్పుడు సెల్‌ఫోన్ దుకాణముంది చూడు, గాడ. లోపట మేకుకు కోటు తగిలేసి ఉంటుండె. పోయినోళ్లందరికి గదే కోటు. లోపట కమీజు చినిగున్నా ఫికర్ లేదు, పైన కోటుంటె సాబ్ అయిపోయినట్టే." నా కంప్యూటర్ వైపు వేలు చూపింది. "నువ్వు గూడ గదే చేస్తున్నవ్ గదా బేటా గిండ్ల."

నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక నా కోటు చేతుల మడత వైపు చూసుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

మొదట మనసుకు తోచింది బాధ కాదు, కుతూహలం. దాచడమెందుకు? ఆ కోటు ఇంకా ఎవరెవరి మీద ఉంది? మా క్షౌరశాల గోడమీద అద్దానికి పైన దండ వేసిన ఫొటో ఒకటి ఎప్పటినుంచో ఉంది, యజమాని తండ్రిది. ఆ సాయంత్రమే వెళ్లి స్టూలెక్కి చూశాను. అదే కోటు, తెల్ల గుండీ, పై జేబులో దువ్వెన. ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే ఒక ఇంట్లో ఇదివరకు ఫొటోలు తీసుకున్నాను. వాళ్ల పాత ఫొటో అడిగితే బియ్యం డబ్బా మీదినుంచి దించి ఇచ్చారు. అక్కడా అదే కోటు, కానీ మధ్య గుండీ కూడా నల్లదే. అంటే గుండీ ఊడిపోకముందు దిగిన ఫొటో అది. నేను అంత కష్టపడి వెతికిన స్టైల్, గుండీ ఊడితే స్టూడియో ఆయన చేతికి దొరికింది కుట్టుకున్న ఫలితం.

ఫొటోలన్నీ ఫోన్లో పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశానో. కోటు ఒకటే అయినా ఏ ఇద్దరూ ఒకేలా లేరు. విగ్రహాలు చేసే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, గోళ్లలో మట్టి కనబడకుండా కావచ్చు. జరీ పని ఆయన నిటారుగా నిలబడినా మెడ మాత్రం మగ్గం వైపు వంగినట్టే ఉంది. చేతులు కనబడుతున్న మిగతా ఇద్దరికీ కోటు చేతులు వేళ్ల దాకా జారాయి. అది ఎవరో భారీ మనిషి కొలత. నాకు కనబడినంతలో చేతులు మడిచింది మా తాత ఒక్కడే.

ఎందుకో తెలిసింది సంతోష్‌నగర్ వైపు మా మామ బర్రెల కొట్టంలో. పొద్దున్నే పాలకు వెళ్లాను. మామ స్వెట్టర్ చేతులు రెండు మడతలు వేసి, మణికట్టు పైకి బిగించి, పొదుగు దగ్గర కూర్చున్నాడు. ఫోన్లో తాత ఫొటో తీసి చూశాను. అవే రెండు మడతలు. ఏ పని మొదలుపెట్టినా తాత చేతులు ముందు చేసే పని అది. ఫొటో దిగడం కూడా ఒక పనే అనుకుని ఉంటాడు. నేను లైబ్రరీ పుస్తకం చూసి దానికి ఇంగ్లీషు పేరు పెట్టాను, మాస్టర్ లండన్ పేరు పెట్టాడు.

ఇదంతా నాకు పండగలా ఉంది. ఒక్క అమ్మ దగ్గర తప్ప. ఇంటికి వచ్చి చెబుదామని నోరు తెరిచేదాన్ని. ఆమె ఫొటో అద్దం తుడుస్తూనో, అత్తతో ఫోన్లో "మా బాపు కోటు గురించి మీటింగ్ పెడుతున్నరు" అంటూనో కనబడేది. నేను తెలుసుకున్నది నాకు ఒక విశేషం. ఆమెకైతే, ఈ ఇంట్లో తలెత్తుకు తిరగడానికున్న ఆధారం. దాన్ని నా సరదా కోసం లాగేయవచ్చునా? లైబ్రరీ పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

నేను తేల్చుకునేలోపే ఖాలా తేల్చేసింది. దుకాణంనుంచి ఫ్రేమ్ తీసుకుని, దారిలోనే కదా అని మా ఇంటికి వచ్చింది. నేనూ వెంటే ఉన్నాను. అమ్మ చాయ్ పెట్టింది. ఖాలా ఫొటో విప్పి చూపించి, తల ఎత్తి గోడవైపు చూసింది.

"అరే! మీ బాపుది గూడ గదే కోటా! చూడు, స్టూడియో కోటు ఎంతమందిని సాబ్‌లను చేసిందో!"

అమ్మ రెండు ఫొటోలూ చూసింది. "చాయ్ సల్లారుతది, తాగు" అంది. ఖాలాను గుమ్మందాకా సాగనంపి వచ్చి నన్ను అడిగింది.

"నీకెర్కేనా?"

"ఎర్కే అమ్మా. మంగలి దుకాణంల ఫొటోల గూడ గదే కోటుంది."

"మంగలి దుకాణం దాక పోయి చూసి వస్తవ్, నాకు చెప్పవ్."

"నీకు బాధయితదని..."

"ఇప్పుడు కాలేదా?"

గోడమీది ఫొటో దించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాతో కాదన్నట్టు మాట్లాడింది. "బాపు ఇది ఇంటికి తెచ్చినప్పుడు నేను ఇంతున్న. కోటు ఏది బాపూ, చూపియ్యి అన్న. నవ్విండు. ఏడ దాచినవ్ అన్న. మల్ల నవ్విండు. గంతే. నేనే అనుకున్న దాచిండని."

ఫొటో మళ్లీ గోడకు ఎక్కలేదు, బీరువాలోకి వెళ్లింది. సున్నం వెలిసిన గోడమీద దాని చోటు మాత్రం కొత్తగా ఉంది. పక్కన పెట్టిన ఇస్త్రీ చీర కూడా మళ్లీ మడతల్లోకి వెళ్లింది. నేను లైబ్రరీ మేడంకు చెప్పేశాను, మా తాత ఫొటో పెట్టను, మిగతావాళ్ల గురించే మాట్లాడతాను అని. మేడం ఎందుకని అడగలేదు.

ఆ రోజు చదువరుల గదిలో బల్లలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. ఖాలా వచ్చింది, క్షౌరశాల ఆయన వచ్చాడు, మాస్టర్ తన పనితనం చూపించుకోవడానికి ఇద్దరు మిషన్ల వాళ్లను వెంటపెట్టుకుని వచ్చాడు. ఏం జరగబోతోందో తెలియని అత్త ముందు వరుసలో కూర్చుంది. మూడు ఫొటోలు పెద్దవి చేసి గోడకు అంటించాను. మొదలుపెట్టబోతుంటే అమ్మ వచ్చింది. ఇస్త్రీ చీర కాదు, రోజూ కట్టుకునేదే. చేతిసంచిలోంచి ఫొటో తీసి నాకిచ్చింది.

"ముగ్గురిని గోడకు పెట్టి ఒక్కన్ని బీరువల దాస్తె, ఆ ముగ్గురు ఏదో తప్పు చేసినట్టు గాదా? పెట్టు."

పెట్టాను. నాకు గుర్తున్నంతవరకు మొదటి మాటలు తడబడ్డాయి, తర్వాత మైకు సంగతే మరిచిపోయాను. మేకు గురించి, కోటు గురించి, ఊడిన గుండీ గురించి, వెనక్కి దాచుకున్న చేతుల గురించి, దువ్వెన గురించి చెప్పాను. మడతల గురించి చెబుతూ నా లండన్ ఫ్యాషన్ సంగతి చెబితే, అందరికంటే గట్టిగా మాస్టరే నవ్వాడు. నా కాఫీ రంగు కోటు విప్పి అందరి చేతుల్లోకీ పంపాను. నచ్చినవాళ్లు తొడిగి చూసుకున్నారు. ఖాలా తొడుక్కుని, గడ్డం ఎత్తి, "ఫొటో తియ్యి" అంది.

ఆ సందడిలో అత్త గొంతు స్పష్టంగా వినబడింది. "అంటె ఏమే, కోటు మీ బాపుది గాదన్నట్టేనా? ఇన్నేండ్లు మమ్మల్ని ఎంత మాటలంటివి!"

అమ్మ లేచి నిలబడలేదు, గొంతు పెంచలేదు.

"గాదు వదినె. కోటు స్టూడియోది. నాకు గూడ మొన్ననే ఎర్కైంది." గోడమీది ఫొటో వైపు వేలు చూపించి అంది, "గని ఊరందరు తొడిగిన కోట్ల గూడ ఆయన పాలోడు పాలోని లెక్కనే నిలబడ్డడు చూడు. చేతులు మడిచి. నువ్వు ముక్కు మూసుకున్న వాసన గా చేతులదే."

క్షౌరశాల ఆయన "వహ్వా" అన్నాడు. అత్త కొంగు సర్దుకుంది.

మర్నాడు సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది, కొంగు కింద ఏదో పట్టుకుని. అమ్మ వంటింట్లో ఉంది. అత్త గొంతు తగ్గించి, "ఇది మా మామది, మా ఇంటాయన నాయినది. జర చూడు, గా కోటేనా?" అంది.

చూశాను. కాలరు సన్నం. గుండీలు రెండే. వెనక పరదా మీద వేరే బొమ్మ.

"ఇది వేరే స్టూడియో అత్తా."

"మంచిగ చూడవే. మధ్యల గుండీ ఊడిపోయి ఉంటది."

వంటింట్లోంచి అమ్మ అంది, "చూడు బిడ్డా, మల్లొకసారి పెద్దగ చేసి చూడు. వదినె గంత దూరంకెల్లి నడిచొచ్చింది."

పెద్దది చేసి చూశాను. ఆ కోటు కాదు. అత్త ముఖం చిన్నబోయింది. అమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి, పక్కన కూర్చుని, ఆ ఫొటోలో ఉన్న పెద్దాయన చెప్పుల గురించి అడగడం మొదలుపెట్టింది.

పేర్లు రాయొద్దని అందరం అనుకున్నాం కాబట్టి, నేను పిలిచే పిలుపులతోనే దండాలు పెట్టుకుంటాను. నిజం ఇంత తేలిగ్గా నవ్వుతూ చెప్పిన ఖాలాకు. స్టూలు ఇచ్చి, అద్దం మీద కాలు పెట్టొద్దని మాత్రమే అన్న క్షౌరశాల అన్నకు. బియ్యం డబ్బా మీది ఫొటోను నా చేతిలో నమ్మకంగా పెట్టిన ధూల్‌పేట్ వదినకు. ఇప్పుడు "పాలోళ్ల కట్" అని బోర్డు రాయిస్తానంటున్న మాస్టర్ భాయ్‌కి. ఎందుకు, ఏమిటి అనకుండా పాలు పోసి పంపిన మామకు. ఎందుకని అడగని లైబ్రరీ మేడంకు, అడగడం నేర్పిన లైబ్రరీ బీరువాలకు. వేరే స్టూడియో ఎక్కడుండేదో ఇప్పుడు నాతోపాటు వెతుకుతున్న అత్తకు. ఫొటోను గోడకు తిరిగి తగిలించిన అమ్మకు.